వేపలు మాడుతున్నాయి, అడవి పలుచబడుతోంది: నేరం పురుగుదేనా?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది: రోడ్ల వెంట వేపచెట్లు వానాకాలం ముగిసేసరికి కొసల నుంచి మాడిపోతున్నాయి, చందంపేట వైపు అడవి ఏటికేడు పలుచబడుతోంది, పురుగులే తినేస్తున్నాయని ఊళ్లో అంటున్నారు. అందరూ చందా వేసుకుని డ్రోనుతో మందు కొట్టిస్తే ఆగుతుందా?

ఆగదు. ఆ డబ్బు దాచుకోండి.

అటవీశాఖలో బీటు అధికారిగా చేరి, అచ్చంపేట, మన్ననూరు, దేవరకొండ ప్రాంతాల్లోనే తిరిగి, సెక్షన్ అధికారిగా విరమించినవాణ్ణి. కీటక శాస్త్రం చదవలేదు. ఎండిన చెట్టు ఎక్కడ కనబడినా పై అధికారికి నివేదిక రాయవలసిన ఉద్యోగం కాబట్టి, దాని మొదలు దగ్గర కూర్చుని కారణం వెతకడం అలవాటైంది. ఆ అలవాటుతో చెబుతున్న మాట ఏమిటంటే, పురుగు చెట్టును చంపగలదు గానీ, చాలాసార్లు అది చివర వచ్చే చుట్టమే. ముందు వచ్చిపోయినవాళ్లు వేరే ఉంటారు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతే తీసుకోండి. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలింది. చూస్తే లోపలంతా చెదలు. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, నీళ్లలో కలిపిన క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందును చుక్కచుక్కగా కొమ్మల్లోకి ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. చెట్టుకు సెలైన్ పెట్టారని నవ్విన వాళ్లూ ఉన్నారు. కానీ ఆ వైద్యంలో అసలు భాగం సీసాల్లో లేదు. సందర్శకులను ఆపారు. ఊగులాటలు ఆగాయి. బరువైన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆనించారు. ఊడలు నేలకు దిగేలా గొట్టాలు అమర్చి మట్టి పోశారు. మర్రికి ఊడ అంటే కొత్త కాలు. చుట్టూ కాంక్రీటు పరిచి, జనం తొక్కి తొక్కి గట్టిపడిన నేలలో ఊడ దిగలేకపోతే కొమ్మ తన బరువుకు తానే చీలుతుంది, చీలిన చోట చెద చేరుతుంది. అప్పుడు చెదను తిట్టుకుని లాభమేముంది?

చెదల గురించి ఇంకో మాట. అడవిలో చెట్ల బెరడు మీద ఎర్రమట్టి పూత నిలువెత్తు పాకి ఉంటే కొత్తగా చేరిన సిబ్బంది గాభరా పడేవాళ్లు. వేలితో ఆ మట్టిని గీకి చూడండి. కింద తెల్లని చెదపురుగులు పరుగులు పెడతాయి. అవి తింటున్నది పైన చచ్చిన బెరడును. దాని కింద పచ్చి బెరడు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. రాలిన కొమ్మనూ ఎండిన గడ్డినీ మట్టిలో కలిపే పని మన పొడి అడవుల్లో ఎక్కువగా చెదలదే. తొలకరిలో లేచే ఉసిళ్లు, పుట్టల మీద మొలిచే పుట్టకొక్కులు, రాత్రిళ్లు పుట్టలు తవ్వే ఎలుగుబంటి, అలుగు, వీటన్నిటి బతుకూ వాటి మీదే ఉంది. చెదలు లేని నల్లమలను ఊహించలేను.

ఇప్పుడు మీ వేపలు. 2021లో తెలంగాణ అంతటా ఒక్కసారిగా వేపలు మాడినప్పుడు జనం నిజంగా భయపడ్డారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, ఇందులో ఇద్దరు భాగస్వాములు ఉన్నారు. ఒకటి ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం, రెండోది టీ దోమ. పేరులో దోమ ఉన్నా అది నల్లి జాతి పురుగు. జీడిమామిడి రైతులకు బాగా తెలుసు. లేత చిగురులోకి సూదిలాంటి మూతి దింపి రసం పీలుస్తుంది. పీల్చిన చోట గోధుమరంగు మచ్చ పడి, కొన్నిసార్లు జిగురు కారి, కొస వాలిపోతుంది. వానల తేమలో శిలీంధ్రం తన పని కానిస్తుంది. దూరం నుంచి చూస్తే చెట్టుకు నిప్పు సెగ తగిలినట్టే ఉంటుంది.

అప్పట్లో చచ్చిపోయాయని అనుకున్న చెట్లలో చాలావాటిని తర్వాతి వేసవిలో చూశాను. మొండి కొమ్మల మీద కుచ్చులు కుచ్చులుగా చిగుళ్లు. పెద్ద చెట్లు తట్టుకున్నాయి. తట్టుకోలేనివి ఎక్కువగా రోడ్డు విస్తరణలో వేళ్లు తెగినవి, మొదలు దాకా తారు పోసినవి, కరెంటు తీగల కోసం ఏటా తల నరికించుకున్నవి. వీటికి పురుగు ఒక సాకు మాత్రమే.

టేకు ఇంకా స్పష్టమైన పాఠం. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరులో టేకు ప్లాంటేషన్‌లోకి వెళితే ఆకు ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా కనిపిస్తుంది. పురుగు ఉధృతంగా ఉన్న రోజు నిలబడి వింటే కింద ఎండుటాకుల మీద సన్నగా టపటపా చప్పుడు వస్తుంటుంది. వాన కాదు, పైనుంచి రాలే పురుగుల పెంటికలు. చూసినవాళ్లు తోట పోయిందనే అనుకుంటారు. మళ్లీ వానలకు చెట్టు ఆకు తొడుగుతుంది. అయితే నష్టం లేదనుకోకండి. తొలకరి చిగురును తినే మరో పురుగు మీద కేరళలోని నీలంబూరులో లేత టేకు తోటల్లో పరీక్షలు చేశారు. చెట్లు చావలేదు గానీ పెరగవలసిన కలపలో 44 శాతం దాకా పెరగలేదని తేలింది. ఎకరాల కొద్దీ ఒకే చెట్టు, ఒకే వయసు: పురుగుకు అంతకంటే పెద్ద విందు ఏముంది? నల్లమల మిశ్రమ అడవిలో చిరుమాను, నల్లమద్ది, ఏగిస, బిల్లుడు మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న టేకును వెతుక్కుంటూ పోవడం ఆ పురుగుకూ కష్టమే, పైగా దారిలో పిట్టలు, పరాన్నజీవి కందిరీగలు.

పురుగులు అడవులను నిజంగానే పడగొట్టిన చోట్లూ ఉన్నాయి. 1997–98లో మధ్యప్రదేశ్‌లో సాల వృక్షాలను తొలిచే కొమ్ముపురుగు లక్షల చెట్లను మింగింది. పడిన సాల చెట్టు నుంచి కారే రసం వాసనకు ఆ పురుగులు దూరం నుంచి వస్తాయి. అందుకే కొన్ని చెట్లను ఎరగా కొట్టి, బెరడు చితక్కొట్టి, రసం తాగడానికి వచ్చినవాటిని ఏరి చంపించారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పైన్ బెరడు పురుగు కోటీ ఎనభై లక్షల హెక్టార్ల మేర అడవిని దెబ్బతీసింది. ఒకప్పుడు అక్కడి గడ్డ కట్టే చలి ఆ పురుగు పిల్లలను చంపేది, చలికాలాలు వెచ్చబడ్డాక ఆ అడ్డు పోయింది. జర్మనీలో 2018 కరవు తర్వాత స్ప్రూస్ తోటలు ఎండిన తీరూ ఇంతే. నీళ్లున్న చెట్టు బెరడు తొలిచిన పురుగును జిగురుతో ముంచేస్తుంది, దప్పికతో ఉన్న చెట్టుకు ఆ జిగురు ఉండదు.

అసలు విషయం మిగిలే ఉంది, మీరు అడగనిది. మన అడవికి పురుగులు ఎక్కువయ్యాయన్నది కాదు నా బెంగ, తక్కువవుతున్నాయన్నది. జర్మనీలోనే రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లు వలలు కట్టి తూకం వేస్తే, ఎగిరే కీటకాల బరువు నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయిందని 2017లో ప్రకటించారు. మన దగ్గర అలా ఎవరు తూచారో నాకు కనబడలేదు. కానీ సీతాఫలం చెట్టును అడిగితే చెబుతుంది.

బాలానగర్ సీతాఫలం అంటే దేశమంతా తెలిసిన రకం, పుట్టిల్లు మన పాలమూరే. దాని పువ్వును ఎప్పుడైనా విప్పి చూశారా? మూడు దళసరి రెక్కలు, మొదట సందు మాత్రమే ఇస్తాయి. ఆ దశలో పువ్వు ఆడది, లోపల పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు జిగటగా ఉంటాయి. పుప్పొడి రాలేది ఆ తర్వాత, పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక. అంటే ఒక పువ్వు తనను తాను కట్టించుకోవడం అరుదు, ఎవరో మరో పువ్వు పుప్పొడి మోసుకురావాలి. తేనెటీగకు ఆ సందు చాలదు. వచ్చేవి చిన్న పెంకుపురుగులు, నువ్వుగింజంత ఉంటాయి, పులిసిన వాసనకు వస్తాయి. వాటి కాపురం చెట్టు కింద కుళ్లిన పండ్లలో, ఆకుల మడ్డిలో. ఆ నేలను ఏటా తగలబెడితే పువ్వు కాయ కాదు, అయినా వంకర కాయ.

నేల తగలబెట్టడం అన్నాను కదా, చందంపేట వైపు అడవి పలుచబడడానికి నా లెక్కలో మొదటి కారణం అదే. తునికాకు లేతగా చిగురించాలని, ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని, లేదా ఊరికే బీడీ విసిరి, ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు. పెద్ద చెట్టు బతుకుతుంది. మొలక పోతుంది, మడ్డిలోని పురుగూ పోతుంది. మిగిలిన మొలకను మేక తింటుంది. ఇరవై ఏళ్లకు పెద్ద చెట్లు వయసై పడిపోతాయి, వెనక ఎవరూ ఉండరు. ఆ ఖాళీలో లాంటానా, వయ్యారిభామ లాంటి పిచ్చిమొక్కలు చేరతాయి. వయ్యారిభామను తినడానికి 1984లో మెక్సికో పెంకుపురుగును తెచ్చి బెంగళూరులో వదిలారు, ఇప్పుడు వానాకాలంలో అది ఆ మొక్కను ఆకులేకుండా చేస్తుంది. మీ డ్రోను మందు ముందుగా చంపేది దాన్నే.

గొర్రెలకు, పశువులకు వేసే నట్టల మందు గురించి కూడా ఆలోచించండి. ఐవర్‌మెక్టిన్ లాంటివి పేడలోకి దిగి, పేడపురుగుల పిల్లలను చంపుతాయి. పేడను ఉండలు చుట్టి భూమిలోకి దించే ఆ జీవి దాంతోపాటు గింజలనూ దించుతుంది. మందు మానమని కాదు, వేసిన రెండు మూడు వారాలు మందను అడవిలోకి తోలకుండా ఉండగలిగితే మంచిది. కాపరులకు ఇది కష్టమని తెలుసు.

ఇక మీ వేపలకు ఏమి చేయాలి? మాడిన కొమ్మను గోటితో గీకండి. కింద పచ్చగా ఉంటే వదిలేయండి. గోధుమరంగు ఉంటే పచ్చదనం మొదలయ్యే చోటికి జానెడు కిందికి, పొడి రోజు చూసి కోయించండి. కోసినదాన్ని చెట్టు కింద పడేయకుండా దూరంగా తీసుకెళ్లి కాల్చండి. మొదలు చుట్టూ సిమెంటు ఉంటే పగలగొట్టించి నీరు దిగే పాదు చేయించండి. మూడు నాలుగేళ్ల లేత మొక్కలు, నర్సరీ మొక్కలు అయితే తొలి చిగురు మీద మందు వాడవచ్చు. ఏది, ఎంత అన్నది మీ మండల వ్యవసాయ అధికారిని అడగండి, దుకాణదారుని కాదు. పూత మీద, అంటే మార్చి, ఏప్రిల్‌లో మాత్రం దేన్నీ కొట్టకండి. వేప పూతకు తేనెటీగలు వస్తాయి. చందా ఇప్పటికే వసూలై ఉంటే, ఆ డబ్బుతో వేసవికి ముందు అడవి అంచున అగ్గిబాటలు, అంటే నిప్పు దాటకుండా ఎండుటాకు, గడ్డి తీసేసిన బాటలు, తీయించమని గ్రామసభలో అడగండి, అటవీ సిబ్బంది ఒప్పుకుంటారు.