తెర వెనుక నేనేం చేయగలను?

ప్రశ్న: తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధితో బాధపడే పిల్లల చికిత్స కోసం మా కాలనీవారు వచ్చే నెలలో కడపలో ఒక పౌరాణిక పద్యనాటకం వేయిస్తున్నారు. ఖర్చులు పోగా మిగిలినదంతా ఆ పిల్లలకే ఇస్తారు. నటనగానీ పాటగానీ రాని నన్ను తెర వెనుక సాయానికి రమ్మన్నారు. వెళ్తే నటులకు అడ్డమవుతానేమోనని సంకోచిస్తున్నాను. ఏ పని ఒప్పుకోమంటారు?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: తప్పకుండా వెళ్లండి. అయితే "ఏ పని చెప్పినా చేస్తాను" అని మాత్రం అనకండి. అలా అన్నవారిని ప్రదర్శన రోజున అందరూ అన్నిటికీ పిలుస్తారు, చివరకు ఏ పనీ వారి చేతిలో నిలవదు. ఒక్క పని అడిగి తీసుకొని, రిహార్సల్స్ నాటినుంచే దానిని మీదిగా చేసుకోండి.

మీకు రంగపరికరాల బాధ్యత బాగుంటుందని నా అభిప్రాయం. గద, శంఖం, లేఖ, హారతి పళ్లెం వంటివి ఏ రంగంలో ఎవరి చేతికి అందాలో, తిరిగి ఎటువైపునుంచి వస్తాయో రిహార్సల్ చూస్తూ రాసుకోండి. ప్రదర్శన రోజున సైడ్ వింగ్ (వేదిక పక్కన ప్రేక్షకులకు కనబడని చోటు) దగ్గర ఒక బల్ల వేయించి, దానిమీద తెల్లకాగితం పరచి, ఒక్కొక్క వస్తువునూ పెట్టి, దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, లోపల పేరూ రంగం సంఖ్యా రాయండి. వస్తువు తీసిన చోట ఖాళీ గీత కనబడుతుంది కనుక, ఏది తిరిగి రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. చాలా ఏళ్ల క్రితం అనంతపురంలో ఒక సహాయార్థ ప్రదర్శనకు నేను ఈ పనే చేశాను. గీతలు గీయకుండా జ్ఞాపకాన్ని నమ్ముకున్నందున దూత చేతికి అందవలసిన లేఖ కనబడలేదు. అతడు ఖాళీ చేతులతో రంగం మీదికి వెళ్లి, సందేశాన్ని నోటితోనే చెప్పవలసి వచ్చింది. ఆనాటి అతని ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

చీకట్లో వెతుక్కోవడానికి చిన్న టార్చిలైటుకు నీలిరంగు గాజుకాగితం చుట్టుకోండి, తెల్లని వెలుగు ప్రేక్షకుల కంట పడుతుంది. మీకు ప్రేక్షకులు కనబడుతున్నారంటే వారికి మీరూ కనబడుతున్నట్లే, కాబట్టి ఒక అడుగు వెనక్కు జరగండి. గడ్డాలు, మీసాలు అతికించే స్పిరిట్ గమ్‌కు త్వరగా నిప్పంటుకుంటుంది. ప్రార్థనలో వెలిగించే కర్పూరాన్నీ అగ్గిపెట్టెనూ మేకప్ బల్ల దరిదాపులకు రానీయకండి. విద్యుత్ తీగల పని మాత్రం, ఎంత పొదుపు చేయదలచినా, అది తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

తెర వెనుక పని నటనకంటే తక్కువదన్న భావం మీ ఉత్తరంలో కొంత కనిపించింది. 1885లో మీ కడప జిల్లాలోని సురభి గ్రామంలో తోలుబొమ్మలాట కుటుంబాలవారు కీచకవధ నాటకం ఆడడంతో మొదలైన సురభి నాటక సంప్రదాయంలో, వేషం కట్టినవారే తమ వేషం లేని సమయంలో తెరతాడు లాగడమూ, దీపాలు చూడడమూ మామూలు. అక్కడ ఈ పనుల మధ్య ఎక్కువ తక్కువలు లేవు.

పైగా మీరు చేసే పనికి కూలి మనిషిని పెట్టుకోనవసరం లేదు కనుక ఆ డబ్బు పిల్లలకే మిగులుతుంది. తీవ్రమైన తలసీమియా ఉన్న పిల్లలకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించినందువల్ల ఒంట్లో పేరుకొనే ఇనుమును తగ్గించే మందులు కూడా ఏళ్ల తరబడి వాడవలసి ఉంటుంది. అందువల్ల తెర పడగానే అభినందనల సందడిలోకి వెళ్లిపోకుండా, కిరీటాలు, భుజకీర్తులు, ఆయుధాలు వంటి అద్దె సామాను తెచ్చిన నాటి పట్టీతో ఒక్కొక్కటిగా సరిచూసి, అప్పగించినట్లు సంతకం తీసుకోండి. పోయిన వస్తువు వెలను ఆ పిల్లల నిధిలోనుంచే కట్టవలసి వస్తుంది.