నాటాల్ వెళ్లిన ముత్తాతకు జైలు శిక్ష ఎందుకు పడి ఉంటుంది?

మీ ముత్తాతగారు విశాఖ జిల్లా నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలీగా వెళ్లి తిరిగొచ్చారని, అక్కడ జైల్లో కూడా ఉన్నారని, ఏం నేరం చేశారో పెద్దవాళ్లను అడగాలంటే మొహమాటంగా ఉందని రాశారు. ఉద్యోగం మీద నేను కొన్నేళ్లు అదే ప్రాంతంలోని డర్బన్‌లో ఉన్నాను. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లల్లో ఈ జైలు మాట చాలాసార్లు విన్నాను, అదీ గొంతు తగ్గించి చెప్పేవారు. దొంగతనమో కొట్లాటో అని మీరు అనుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో అక్కడ పనికి వెళ్లకపోవడమే నేరం.

ఐదేళ్ల ఒప్పందం మీద వచ్చిన కూలీ చెప్పకుండా పని మానేస్తే క్రిమినల్ కేసు, జైలు. యజమాని ఇచ్చిన అనుమతి చీటీ లేకుండా ఎస్టేట్ దాటి తిరిగినా పట్టుకునేవారు. 1891 నాటి 25వ చట్టంలో ఒక సెక్షన్ చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. యజమాని మీద ఫిర్యాదు చేయడానికి కూలీలంతా కలిసి సెలవు తీసుకోకుండా పని వదిలి వెళ్తే, ఆ ఫిర్యాదు నిజమని తేలినా సరే, వెళ్లినందుకు శిక్ష వేయొచ్చు!

పోనీ ఐదేళ్లు పూర్తిచేస్తే స్వేచ్ఛా? 1895లో ఇంకో చట్టం తెచ్చారు. ఒప్పందం ముగిసినవాడు మళ్లీ ఒప్పందం రాయాలి, లేదా ఇండియాకు ఓడెక్కాలి, లేదా ఏటా 3 పౌండ్లు కట్టాలి. నాటాల్ దొరలు మొదట అడిగింది 25 పౌండ్లట, మన వైస్రాయి దాన్ని 3కి తగ్గించి ఒప్పుకున్నాడు. పెద్ద మేలు చేసినట్టు! ఒప్పందంలో మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు, అంటే 3 పౌండ్లు ఆరు నెలల జీతం. తర్వాత 16 ఏళ్లు దాటిన కొడుకులకు, 13 దాటిన కూతుళ్లకు కూడా ఈ పన్ను వేశారు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంటి సంగతి మీరే ఊహించుకోండి. కట్టలేక మళ్లీ ఒప్పందం రాసినవాళ్లే ఎక్కువ, జైలుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఆయన 1913లో అక్కడే ఉంటే ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఆ అక్టోబరులో నాటాల్‌లోని న్యూకాజిల్ బొగ్గు గనుల కూలీలు ఈ 3 పౌండ్ల పన్ను తీసేయమని సమ్మె చేశారు, అది చెరకు తోటలకూ పాకింది. జైళ్లు చాలక గనుల్లో కూలీలు ఉండే కాంపౌండ్లనే జైళ్లుగా ప్రకటించి, గని సిబ్బందినే జైలు వార్డర్లను చేశారు. శిక్ష ఏమిటంటే మళ్లీ అదే గనిలోకి దిగి అదే పని చేయడం. 1914లో పన్ను రద్దయింది.

ఇక వివరాలు వెతకాలంటే కూలీలను నాటాల్‌కు తీసుకెళ్లిన ఓడల జాబితాలతో మొదలుపెట్టండి. ప్రతి కూలీకి ఒక నంబరు ఉండేది. పక్కనే తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాసేవారు. అప్పడు, రాముడు లాంటి పేర్లు లెక్కలేనన్ని ఉంటాయి కాబట్టి తండ్రి పేరు, ఊరు కచ్చితంగా కనుక్కోండి. గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు గనక స్పెల్లింగ్ నాలుగైదు రకాలుగా మార్చి చూడాలి. ఇంట్లో పాత కాగితం మీద ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. పని చేసిన ఎస్టేట్ పేరు కూడా తెలిస్తే అది ఏ మేజిస్ట్రేటు పరిధో చూసి, ఆ కోర్టు కాగితాల్లో వెతకొచ్చు. శిక్ష తేదీ 1913 అక్టోబరు, నవంబరుల్లో పడితే సమ్మె కేసు అయ్యే అవకాశం ఎక్కువ.