'యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి' అని రాసినవాణ్ణి నేనే

"రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్‌లో యూజబిలిటీ గురించి ఏం రాయాలి? 'సులువుగా వాడేలా ఉండాలి' అంటే చాలదా?" అని అడిగారు. చాలదు. నేను బిజినెస్ ఎనలిస్టుని, కట్టబోయే సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో ఆ డాక్యుమెంట్లలో రాసిపెట్టేవాణ్ణి, పద్నాలుగేళ్లుగా ఇదే పని. అందులో మొదటి ఆరేళ్లు ప్రతి డాక్యుమెంట్ మూడో పేజీలో ఆ వాక్యమే రాశాను. దాని మీద ఒక్కరు కూడా ఎర్రగీత పెట్టలేదు. పెట్టరు కూడా. దాన్నిబట్టి ఎవర్నీ తప్పుపట్టలేం కాబట్టి కొనేవాడికీ హాయే, కట్టేవాడికీ హాయే.

ఏడో ఏట ఒక కోల్డ్ స్టోరేజీ గోడౌన్‌కి హ్యాండ్‌హెల్డ్ పరికరాల మీద నడిచే స్టాక్ యాప్ చేశాం. లోపలికి వచ్చిన ప్రతి పెట్టెనీ స్కాన్ చేయాలి, సంఖ్య కొట్టాలి, సేవ్ నొక్కాలి. మా ఆఫీసులో ఏసీ కింద కూర్చుని పదిమందిమి పరీక్షించాం, బ్రహ్మాండంగా ఉంది. మొదలైన మూడో వారానికే ఫిర్యాదు వచ్చింది: స్టాకు లెక్క ఎప్పుడూ నాలుగైదు గంటలు వెనకబడి ఉంటోంది. మా మేనేజరు ఒక్క ముక్కలో తేల్చేశాడు, "వాళ్లకి ట్రైనింగ్ సరిపోలేదు." నన్ను వెళ్లి ఇంకోసారి నేర్పి రమ్మన్నారు.

లోపల మైనస్ 20 డిగ్రీలు. అరువు జాకెట్టు తొడుక్కుని వెళ్లాను. అక్కడ పనిచేసే ఒకావిడ పెట్టె మీద పెట్టె సర్దుకుంటూ, చిరిగిన అట్టముక్క మీద పెన్సిలుతో గీతలు పెడుతోంది. పరికరం నడుముకి వేలాడుతోంది, దాన్ని ముట్టుకోవడం లేదు. పెన్సిలెందుకని అడిగితే, ఈ చలికి బాల్‌పెన్ను గడ్డకట్టి రాయదంది. మరి పరికరం? ఆవిడ నా చేతిలో పెట్టి, "మీరే చేయండి సార్" అంది.

దళసరి గ్లోవ్స్‌తో తెర మీద నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. ఆ రకం టచ్‌స్క్రీన్ వేలి స్పర్శని విద్యుత్తు ద్వారా పసిగడుతుంది, మధ్యలో అంత మందం అడ్డొస్తే దానికి వేలు ఉన్నట్టే తెలియదు. గ్లోవ్ తీశాను. మూడో పెట్టెకల్లా వేళ్లు మొద్దుబారాయి. నాలుగో పెట్టె దగ్గర లాగిన్ పేజీ వచ్చింది, కాసేపు ముట్టుకోకపోతే బయటికి తోసేయాలని రాసింది కూడా నేనే. పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక ప్రత్యేక చిహ్నం తప్పనిసరి. బయటికొస్తే గాలిలోని తేమ తెర మీద పేరుకుని ఏమీ కనపడలేదు. పెట్టెకి దాదాపు 40 సెకన్లు పట్టింది. ఆవిడకి అట్టముక్క మీద ఆరు. షిఫ్ట్ అయ్యాక వెచ్చని గదిలో కూర్చుని అన్నీ ఒకేసారి ఎక్కిస్తోంది. నేను ట్రైనింగ్ ఏమీ ఇవ్వలేదు, తీసుకుని వచ్చాను.

ఈ 'ట్రైనింగ్ లోపం' అనే మాటంటే నాకు ఒళ్లు మంట. 1985–87 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురు రోగులకి మోతాదు మించి కిరణాలు ఇచ్చింది. అందులో రెండుసార్లు తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని కనిపించింది. అదేమిటో ఆపరేటర్ల మాన్యువల్ కూడా వివరించలేదు. అలాంటి సందేశాలు ఆ యంత్రానికి మామూలే కాబట్టి మొదటిసారి ఆపరేటరు కొనసాగించే మీట నొక్కింది. అసలు తప్పులు సాఫ్ట్‌వేర్ లోపల ఉన్నాయి, నిజమే. కానీ ఎర్రర్ సందేశం చదివినవాడికి ఏం జరిగిందో, ఇప్పుడేం చేయాలో తెలియాలని రాసుకోవడం కూడా యూజబిలిటీ రిక్వైర్‌మెంటే.

సరే, మీ ప్రశ్నకి వస్తాను. యూజబిలిటీకి ఐఎస్ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణం 1998 నుంచీ ఉంది, 2018లో సవరించారు. పని పూర్తవుతోందా, ఎంత శ్రమతో, వాడినవాడికి తృప్తిగా ఉందా అని మూడు కొలతలు చెబుతుంది. అందరూ ఆ మూడూ బట్టీ పట్టి వాటితో పాటున్న ముక్క వదిలేస్తారు: ఫలానా మనుషులు, ఫలానా పని, ఫలానా పరిస్థితిలో. నన్నడిగితే అసలు సంగతంతా ఆ ముక్కలోనే ఉంది. గోడౌన్ యాప్ రెండో విడతకి నేను రాసింది ఇది: "మైనస్ 20 గదిలో, గ్లోవ్స్ తీయకుండా, ఒకే షిఫ్ట్ అనుభవమున్న పదిమందిలో కనీసం తొమ్మిదిమంది, ఎవరి సాయమూ లేకుండా పెట్టెకి పది సెకన్లలోపు నమోదు చేయాలి. ఇరవై పెట్టెలకి ఒక తప్పు మించకూడదు. గ్లోవ్ తీస్తే ఫెయిల్." ఆ పది గాల్లోంచి ఊడిపడలేదు. పెన్సిలు ఆరు సెకన్లకి స్కాన్ చేసే సమయం కలిపాను. పాత పద్ధతిని గడియారం పెట్టి కొలవకుండా కొత్తదానికి లక్ష్యం రాసేవాళ్లు రాశిఫలాలు రాసుకోవడం మేలు.

ఐదుగురితో పరీక్షిస్తే చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పాడు కదా అని ఎవరో ఒకరు తప్పక అంటారు. అది లోపాలు వెతకడానికి. పదిమందిలో తొమ్మిదిమంది అనే లక్ష్యం అందిందో లేదో ఐదుగురితో ఎలా తేలుతుంది? అలాగే ఎస్‌యూఎస్, యూజబిలిటీ కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నావళి, మంచిదే. దాని స్కోరు 72 వస్తే '72 శాతం మందికి నచ్చింది' అని స్లైడు వేసేవాళ్లతోనే నా గొడవ. అది శాతం కాదు, సగటు ప్రొడక్టుకే 68 దాకా వస్తుంది.

మా రెండో విడత మొదటి పరీక్షలో ఫెయిలైంది, పదిమందిలో ఆరుగురే దాటారు. డెవలపర్లు నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తెర మీది మీటలు తీసేసి పరికరం పక్కనున్న ట్రిగ్గర్‌కే పనంతా అప్పగించాక, లాగిన్‌కి బ్యాడ్జీ స్కాన్ చాలన్నాక దాటింది. సంతకాల రోజున క్లయింటు పేజీలు తిప్పి తిప్పి, "అంతా బాగుంది గానీ, యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలని ఎక్కడా రాయలేదేంటండీ?" అన్నాడు. మూడో పేజీలో చేర్చాను.