పాత టేకు పలకల గోడకు తెల్ల రంగు వేస్తే నిలుస్తదా?

గడ్చిరోలి జిల్లా సిరోంచలో పాత ఇల్లు, ముందు గదిలో గోడంతా టేకు పలకలు, నల్లబడి గది చీకటైపోయింది, తెల్ల రంగు వేస్తే నిలుస్తదా అని అడిగారు. నిలుస్తుంది. కానీ ముందు ఆ నలుపు చెక్కదా, పాలిష్‌దా తేల్చుకోండి.

బీరువా వెనకాల కనపడని చోట, పాలిష్‌కు వాడే మెథిలేటెడ్ స్పిరిట్‌లో ముంచిన దూదిని అర నిమిషం అదిమి పట్టండి. దూది బెల్లం పాకంలా జిగటగా, గోధుమ రంగులో వచ్చిందంటే అది లక్క (షెల్లాక్) పాలిష్. పొగ, దుమ్ము పట్టి నల్లబడింది ఆ లక్కే. తుడిచేస్తే కింద తేనె రంగు టేకు బయటపడుతుంది. స్పిరిట్‌కు కదలక ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కు మెత్తబడితే లక్కర్, అంటే లక్కతో కాక నైట్రోసెల్యులోజ్‌తో చేసిన పాలిష్. రెండింటికీ లొంగకపోతే మెలమైన్ గానీ పి.యు. (పాలీయురెథేన్) గానీ, అంటే గట్టి రసాయన పాలిష్ అయి ఉంటుంది.

తర్వాత స్విచ్‌బోర్డు విప్పి పలక అంచు చూడండి. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, నిశ్చింతగా రంగు వేసేయండి. గట్టి పలకైతే మాత్రం ఒక అడుగు మేర తుడిచి చూశాకే నిర్ణయించుకోండి. 2023 మార్చిలో అయోధ్య గుడి తలుపులకు టేకు దుంగలు పోయింది ఈ వైపు బల్లార్‌పూర్ నుంచే. అలాంటి చెక్కను చూడకుండానే ఎనామిల్ కింద పూడ్చేస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రంగే కావాలంటే వినండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. అందుకే నేరుగా వేసిన ఎనామిల్ రోజులు గడిచినా చేతికి అంటుతుంది. నీళ్ల రంగు వేస్తే టీ మరకల్లాంటి చారలు పైకి తేలతాయి. ఇంకో కోటు వేస్తే పోతుందనడం ఉత్త మాట. ఆ మరకను ఆపేది మళ్లీ లక్కే. మైనం తీసిన లక్క 240 గ్రాములు లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, గంట ఎడంతో రెండు పల్చటి కోట్లు వేయాలి.

దానికి ముందు టర్పెంటైన్‌తో మైనం, సర్ఫు నీళ్లలో పిండిన గుడ్డతో జిడ్డు తీసి, ఒక రోజు ఆరనివ్వండి. 120, ఆపై 180 సాండ్ పేపర్‌తో చెక్క చారలు సాగిన దిశలోనే రుద్దండి. ప్లైవుడ్ మీద టేకు పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు, మెషిన్ పెడితే ఒక్క ఊపులో తెగిపోతుంది. చేత్తో, 220తోనే రుద్దాలి. దుమ్ము దులిపి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే రోజు లక్క వేయండి, ఆలస్యమైతే నూనె మళ్లీ పైకొస్తుంది. స్పిరిట్, థిన్నర్ తెరిచినప్పుడు కిటికీలు తీయండి, ఇంట్లో పొయ్యి, అగరుబత్తి వద్దు. పలకల మీద ఇదివరకే పాత ఎనామిల్ ఉంటే పొడిగా రుద్దకండి. రంగుల్లో సీసం (లెడ్) 90 పి.పి.ఎం., అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది, అంతకు ముందటి రంగు దుమ్ములో సీసం ఎక్కువగా ఉండొచ్చు. తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని రుద్దండి.

లక్క ఆరాక ఆయిల్ వుడ్ ప్రైమర్ రెండు కోట్లు, సాటిన్ ఎనామిల్ రెండు కోట్లు. 10 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడకు, పలకల మధ్య గాళ్లతో (గాడులతో) కలిపి ఒక్కోటి రెండు లీటర్లు తెచ్చుకోండి. గ్లాసీ ఎనామిల్ బాగా మెరుస్తుంది గానీ ప్రతి గుంటనూ పట్టిస్తుంది.

పలకల మధ్య గాళ్లలో లప్పం పెట్టనివ్వకండి. చాలామంది మేస్త్రీలు తొందరలో గోడకు పూసే సిమెంటు పుట్టీనే అక్కడ నింపేస్తారు, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, పుట్టీ పెళ్లలుగా రాలుతుంది. మేకు రంధ్రాలకు చెక్క లప్పం చాలు.

వానాకాలంలో రంగు వేస్తే ఇంకో తంటా. ఉబ్బి దగ్గరైన పలకలు ఏప్రిల్ ఎండకు విడివడితే, తెల్ల గోడ మీద ప్రతి గాడిలో దారమంత గోధుమ గీత తేలుతుంది. పక్క పలకలోకి దూరి ఉండి, రంగు తగలని చెక్క నాలుక అది. ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా పలకలు ముడుచుకుని ఉంటాయి, అప్పుడు అరంగుళం బ్రష్‌తో ముందు గాళ్లలో రంగు పట్టించి, తర్వాత రోలర్ తిప్పండి. మేలో అయితే పొద్దున్నే ముగించండి, మధ్యాహ్నం రంగు బ్రష్ మీదే బిగుసుకుంటుంది.

పలక కొడితే డొల్ల మోత వచ్చిన చోట విప్పి చూడండి. వెనక చెమ్మ, చెదలు ఉంటే రంగు దేనికీ మందు కాదు.

చివరి కోటయ్యాక వారం దాకా సోఫా గోడకు ఆనించకండి. పైన ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంటుంది, ఆనిన చోట రంగు ఊడి సోఫాకే అంటుకుంటుంది.