పిల్లల చెవిలో గ్రోమెట్లు పెట్టాక ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

వచ్చే వారం మీ నాలుగేళ్ల బాబుకు గ్రోమెట్లు (కర్ణభేరిలో అమర్చే బుల్లి గొట్టాలు) పెడుతున్నారని, ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాకుండా ఏం చేయాలని అడిగారు. మా పాపకు అదే ఆపరేషన్ అయింది కాబట్టి చెబుతున్నాను.

మొదటి ఒకటి రెండు రోజులు కాస్త ఎర్రటి నీరు కారడం మామూలే. ఆ తర్వాత అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది జలుబుతో పాటు చెవి కారడం. పొద్దున్నే దిండు మీద పసుపు మరక చూస్తే గుండె జారుతుంది. కానీ కర్ణభేరి వెనక పేరుకోవాల్సిన చీము గొట్టం గుండా బయటికి వస్తోందన్నమాట. అందుకే చాలాసార్లు నొప్పి, జ్వరం ఉండవు. పిల్లవాడు హుషారుగా ఉంటే సాధారణంగా యాంటీబయాటిక్ చెవి చుక్కలే చాలు, నోటి మందు అక్కర్లేదు. సిప్రోఫ్లాక్ససిన్ లేదా ఒఫ్లాక్ససిన్ రాస్తారు. ఇంట్లో మిగిలిన పాత సీసా మాత్రం ముట్టుకోకండి. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి గొట్టం గుండా లోపలికి దిగితే వినికిడికే ముప్పు.

చుక్కలు వేయడంలోనే ఉంది కిటుకంతా. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరచండి, చల్లటి మందు పడితే కళ్లు తిరుగుతాయి. పైకి కనిపించే చీమును మెత్తటి గుడ్డతో తుడవండి, లేదంటే మందు లోపలికి దిగదు. దూదిపుల్లలు వద్దేవద్దు. పక్కకు పడుకోబెట్టి చుక్కలు వేశాక, చెవి రంధ్రం ముందున్న బుడిపెను వేలితో నాలుగైదుసార్లు నొక్కి వదలండి. మా పాప గొంతులో చేదుగా ఉందని మొహం చిట్లించేది. మందు గొట్టం దాటిందని నాకు అప్పుడు తెలిసేది. డాక్టరు చెప్పిన రోజులకు మించి వేస్తే ఫంగస్ పట్టే అవకాశం ఉంది.

నీళ్ల గురించి ఊరికే హడలెత్తిస్తారు. స్నానానికీ, మామూలు ఈతకూ పిల్లలందరికీ చెవి ప్లగ్గులు అవసరం లేదని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. లోతుకు మునగడం, మురికి నీటిలో దిగడం, సబ్బు నీటిలో తల ముంచడం మాత్రం మానిపించండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే అది కూడా.

వారం చుక్కలు వేసినా కారడం ఆగకపోయినా, మొదటి ఒకటి రెండు రోజులు దాటాక రక్తం కనిపించినా, వినికిడి తగ్గినట్టు అనిపించినా వెంటనే చూపించండి. గ్రోమెట్లు సాధారణంగా 6 నుంచి 18 నెలల్లో వాటంతటవే ఊడిపోతాయి. రెండు మూడేళ్లు దాటినా ఊడకపోతే తీసేయాల్సి రావచ్చు, కర్ణభేరికి రంధ్రం మిగిలిపోయే అవకాశమూ పెరుగుతుంది. బాబు బాగానే వింటున్నాడు కదా అని చాలామంది వెళ్లడం మానేస్తారు, నాకు నచ్చనిది అదే. మొదటి పరీక్ష మూడు నెలల లోపే చేయించి, వినికిడి పరీక్ష ఎప్పుడని అక్కడే అడగండి.