విశ్వవిద్యాలయాలకు పరిశోధన సాఫ్ట్‌వేర్ అమ్మే ఉద్యోగం: స్టాటిస్టిక్స్ చదివిన అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట. నేను హైస్కూలులో లెక్కల ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తిచేసింది. విశ్వవిద్యాలయాలకు, ఇంజినీరింగ్ కళాశాలలకు పరిశోధన సాఫ్ట్‌వేర్ అమ్మే హైదరాబాద్ కంపెనీ ఒకటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు చూసుకోమంటూ ఉద్యోగం ఇస్తానంటోంది. ఇంత చదివించి సంచి తగిలించుకుని తిరిగే పనికి పంపుతావా అని ఇంట్లో అంటున్నారు. బ్యాంకు పరీక్షలకు కూర్చోబెట్టమంటారా, దీనికి పంపమంటారా?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ఇంట్లోవారి సందేహం తీసిపారేయదగినది కాదు. మన ప్రాంతంలో అమ్మకాల ఉద్యోగమనగానే టార్గెట్ల పేరిట నెలనెలా మనిషిని పిండే పనే అందరికీ గుర్తుకు వస్తుంది. అయితే విద్యాసంస్థలకు పరిశోధన సాఫ్ట్‌వేర్ అమ్మడం పూర్తిగా ఆ కోవలోకి రాదు. ఇక్కడ మాటకారితనం కంటే సబ్జెక్టు తెలిసి ఉండడం, ఫైలు నడిచే తీరు ఎరిగి ఉండడం, నెలల తరబడి ఓపిక పట్టగలగడం అక్కరకు వస్తాయి. వీటిలో మొదటిది మీ అమ్మాయి దగ్గర ఇప్పటికే ఉంది కనుక, కంపెనీ పెట్టే షరతులు సరిచూసుకుని పంపమనే నా సలహా.

ఈ వ్యాపారంలో సాఫ్ట్‌వేర్ వాడేవారు ఒకరు, కావాలని రాసేవారు మరొకరు, కొనడానికి సంతకం పెట్టేవారు ఇంకొకరు, డబ్బు విడుదల చేసేవారు వేరొకరు. ఎస్‌పీఎస్‌ఎస్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్ పీహెచ్‌డీ విద్యార్థికి కావాలి, కానీ ఇండెంటు, అంటే కొనమని కోరే పత్రం, పెట్టవలసింది శాఖాధిపతి. సిద్ధాంత గ్రంథాల్లో కాపీని పసిగట్టే సాఫ్ట్‌వేర్ గురించి చాలాచోట్ల లైబ్రేరియన్‌తో మాట్లాడాలి. సాంకేతిక గణనలకు వాడే మ్యాట్‌లాబ్, డిజైన్లను కంప్యూటర్‌లోనే పరీక్షించే యాన్సిస్ వంటివైతే ఇంజినీరింగ్ శాఖలే అడుగుతాయి. ప్రొఫెసరుగారు డెమో చూసి ఎంతో బాగుందన్నారు కదా అని ఆర్డరు వచ్చినట్టే అనుకునే కొత్తవారు చాలామంది. ఆ మాట తరువాతే అసలు ప్రయాణం మొదలవుతుంది. ఇండెంటు శాఖ నుంచి పరిశోధన విభాగం డీన్‌కు, అక్కడి నుంచి పర్చేజ్ కమిటీకి, ఆపై ఫైనాన్స్ ఆఫీసరుకు, రిజిస్ట్రారుకు, చివరికి వైస్ ఛాన్సలర్ ఆమోదానికి వెళ్లాలి. దారిలో ఎక్కడ కొర్రీ పడినా ఫైలు మొదటికి వస్తుంది.

కొర్రీలు ఎలా ఉంటాయో ఒకటి చెబుతాను. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒకే కంపెనీ తయారుచేస్తున్నప్పుడు మామూలుగా అడిగే మూడు కొటేషన్లు దొరకవు. అటువంటప్పుడు కొనే శాఖ ‘ఇది ఫలానా తయారీదారుకు మాత్రమే సొంతమైనది, దీనికి బదులు మరొకటి పనికిరాదు’ అని ధ్రువీకరించే ప్రొప్రైటరీ సర్టిఫికెట్ ఇస్తే సింగిల్ టెండరు మీద, అంటే ఆ ఒక్కరి దగ్గరే కొనవచ్చునని కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు చెబుతాయి. శాఖవారు సాఫ్ట్‌వేర్ పేరు రాసి, అది ఎందుకు తప్పనిసరో రాయకుండా వదిలేస్తే అకౌంట్స్ విభాగం ఫైలును వెనక్కి పంపుతుంది. ఆ నాలుగు వాక్యాల సాంకేతిక సమర్థన ఎలా ఉండాలో ప్రొఫెసరుకు వివరించగల ప్రతినిధికే ఆర్డరు దక్కుతుంది. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వంటి కేంద్ర సంస్థలు ఈ నియమాలను పాటిస్తాయి, ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు అయిన జెమ్ పోర్టల్ ద్వారా కొంటాయి. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరం జేఎన్‌టీయూ వంటివి రాష్ట్ర నిబంధనలను అనుసరిస్తాయి. పన్ను విషయం కూడా తెలిసి ఉండాలి. పరిశోధన సంస్థలు కొనే పరికరాలకు, సాఫ్ట్‌వేర్‌కు లోగడ 5 శాతం మాత్రమే జీఎస్టీ పడేలా రాయితీ ఉండేది. 2022 జులైలో దానిని ఎత్తివేశారు. పాత కొటేషన్‌ను చూసి కొత్త బడ్జెట్ వేసుకున్న శాఖకు ఈ తేడా చెప్పకపోతే బిల్లు దగ్గర పేచీ వస్తుంది.

ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో ఈ తతంగం పొట్టిది. రాజాం, టెక్కలి, చింతలవలస వైపు కళాశాలల్లో ప్రిన్సిపాల్, యాజమాన్యం ఒప్పుకుంటే పని అవుతుంది. కళాశాలలకు, కోర్సులకు గుర్తింపు ఇచ్చే న్యాక్ లేదా ఎన్‌బీఏ బృందం రాబోతున్నదంటే ఇంకా త్వరగా అవుతుంది. కాకపోతే డబ్బు వసూలు వేరే కథ. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము చేతికొచ్చే దాకా బిల్లు ఆపుతామనే యాజమాన్యాలు తక్కువేమీ లేవు.

ఈ రంగంలో గట్టి పోటీ ఎదుటి కంపెనీ నుంచి కాక ఉచితంగా దొరికేవాటి నుంచే వస్తుంది. గణాంకాలకు ఆర్, రిఫరెన్సుల నిర్వహణకు జొటేరో, గ్రంథాలయ నిర్వహణకు కోహా, మ్యాట్‌లాబ్‌కు బదులుగా సైలాబ్ పైసా ఖర్చు లేకుండా లభిస్తాయి. ప్రభుత్వం కూడా కొన్నింటిని కేంద్రీకృతంగా కొని పంచుతోంది. కాపీని పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ను గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ‘శోధ్‌శుద్ధి’ పేరిట 2019 నుంచి విశ్వవిద్యాలయాలకు అందిస్తోంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలకు చేరుస్తోంది. కనుక మీ అమ్మాయి ఆ కంపెనీని మొదట అడగవలసిన ప్రశ్న, వారు అమ్మేది ఈ సంస్థలకు ఇప్పటికే ఉచితంగా అందుతున్నదా, అందుతున్నట్లయితే దాని మీద వారు అదనంగా ఇచ్చేదేమిటి అన్నదే. దీనికి సూటిగా జవాబు చెప్పలేని కంపెనీ ఉత్తరాంధ్రకు కొత్త ప్రతినిధిని ఎందుకు వెతుక్కుంటున్నదో మీరే ఊహించగలరు.

మరి ఉచితంగా దొరికేది ఉండగా డబ్బిచ్చి ఎవరైనా ఎందుకు కొనాలి? శిక్షణ కోసం, ఇబ్బంది వచ్చినప్పుడు పలికే మనిషి కోసం కొంటారు. మీ అమ్మాయి చదువు అక్కరకు వచ్చేది ఇక్కడే. ఉద్దానం కిడ్నీ వ్యాధి మీద పనిచేసే ఒక పరిశోధకుడు కవిటి, సోంపేట, మందస మండలాల్లో ఇంటింటి సర్వే చేసి ఎక్సెల్ షీటు తెచ్చాడనుకోండి. అందులో ఒకే ఊరి పేరు రెండు రకాల స్పెల్లింగులతో ఉంటుంది, కొన్ని వరుసల్లో కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ గడి ఖాళీగా ఉంటుంది, తాగునీరు బోరుదా నేలబావిదా అన్నచోట కొందరికి రెండూ రాసి ఉంటాయి. కంపెనీ ఇచ్చిన నమూనా డేటాతో రంగురంగుల గ్రాఫులు చూపించి వెళ్లిపోయే ప్రతినిధిని ఆ పరిశోధకుడు వారం తిరగకుండా మరచిపోతాడు. అదే షీటును ముందుపెట్టుకుని, ఖాళీ గడులను సున్నాగా తీసుకుంటే ఫలితం ఎలా తారుమారవుతుందో చూపి, వ్యాధి ఉందా లేదా వంటి ఫలితాన్ని విశ్లేషించే లాజిస్టిక్ రిగ్రెషన్ పద్ధతి ఎక్కడ పనికివస్తుందో చెప్పిన మనిషికి మాత్రం తానే ఫోను చేసి పిలుస్తాడు.

తెలుగు శాఖల సంగతి కూడా చెప్పాలి, దీనిని కంపెనీలు చాలావరకు పట్టించుకోవు. మన దగ్గర తెలుగు సిద్ధాంత గ్రంథాలు ఎన్నో అను ఫాంట్లలో టైపు చేసినవే. అవి అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ అక్షర సంకేతాలు కావు కనుక కాపీని వెతికే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫైలులో అర్థం లేని రోమన్ గుర్తులు తప్ప తెలుగు కనిపించదు. ఫలితంగా ఎంత కాపీ ఉన్నా నివేదికలో దాదాపు సున్నా శాతం వచ్చే అవకాశం ఉంది. ఈ లోపాన్ని డెమో రోజునే చెప్పి, ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలని సూచించే ప్రతినిధి మాట మీద ఆ తరువాత అందరికీ గురి కుదురుతుంది.

కాపీ సాఫ్ట్‌వేర్ విషయంలోనే ఒక ప్రలోభం పొంచి ఉంటుంది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికలుంటే చర్య ఉండదు. 60 శాతం దాటితే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు దాకా వెళ్తుంది. అందుకని ‘మేడమ్, కాస్త పదిలోపు వచ్చేలా చూడండి’ అని అడిగే విద్యార్థులు, ఒక్కోసారి గైడ్లూ ఎదురవుతారు. డబ్బు తీసుకుని వాక్యాలు తిరగరాసి ఇచ్చే చిల్లర వ్యాపారం దీని చుట్టూ పెరిగింది. అందులో ఒక్కసారి వేలు పెట్టినవారికి ఈ రంగంలో తరువాత చోటు ఉండదు, ఎందుకంటే విశ్వవిద్యాలయాల లైబ్రేరియన్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. పర్చేజ్ కమిటీలో ఎవరైనా వాటా ఆశిస్తే ఆ విషయాన్ని కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి తప్పుకోవాలే తప్ప సొంతంగా బేరం ఆడకూడదు.

బ్యాంకు పరీక్షల గురించి అడిగారు. ఎస్‌బీఐ ప్రొబేషనరీ ఆఫీసరు పోస్టుకు జనరల్ వర్గానికి 30 ఏళ్ల వరకు వయోపరిమితి ఉంది, కనుక ఈ ఉద్యోగంలో చేరినంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదు. స్టాటిస్టిక్స్ పీజీ చేసినవారికి సబ్జెక్టుతో సంబంధమున్న పని దొరికినప్పుడు రెండేళ్లు చేసి చూడడం మంచిదని నా అభిప్రాయం. అక్కడి నుంచి శిక్షణ ఇచ్చే పనికి, ఉత్పత్తిని రూపొందించే బృందాలకు, డేటా విశ్లేషణకు మారేవారు ఉన్నారు. పని చేస్తూనే ఆర్, పైథాన్ నేర్చుకుంటే మార్పు సులువవుతుంది.

ఇక ఆఫరు లెటరు. జీతంలో స్థిరమైన భాగమెంత, అమ్మకాల మీద వచ్చేది ఎంత అన్నది చూడండి. ఇన్సెంటివ్ ఆర్డరు వచ్చినప్పుడు ఇస్తారా, డబ్బు వసూలయ్యాక ఇస్తారా అన్నది అంతకంటే ముఖ్యం, ఎందుకంటే మార్చి నెలాఖరులో వచ్చిన ఆర్డరుకు డబ్బు దసరాకు కూడా రాకపోవచ్చు. సగటున ఒక్కో ఆర్డరుకు ఎన్నాళ్లు పడుతున్నదో అడిగి, టార్గెట్‌ను నెలకు కాక ఏడాదికి లెక్కించమని కోరాలి. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా తిరగాలంటే ప్రయాణ భత్యం, రాత్రి బస ఖర్చు కాగితం మీద ఉండాలి. బడలిక లేని షెడ్యూలు కోసం కళాశాలలను దిక్కులవారీగా కలిపి వెళ్లే ఏర్పాటు కూడా అడగవచ్చు. బాండు ఉంటే కాలమెంతో, మధ్యలో మానితే కట్టవలసిందెంతో చదవకుండా సంతకం పెట్టనివ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీలో ఉంచమంటే మాత్రం ఒప్పుకోవద్దు. పరిశీలనకు చూపించి, జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ వెంటనే ఇంటికి తెచ్చేసుకోమని చెప్పండి.