పాత సినిమాను మళ్లీ విడుదల చేస్తూ పోస్టర్ మీద '4కె' (అడ్డంగా దాదాపు నాలుగు వేల చుక్కలుండే బొమ్మ) అని వేస్తే, తెర మీద పడేది నిజంగా 4కెనేనా?

కచ్చితంగా అని చెప్పలేం. నెగటివ్‌ను, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మును, ఎలా స్కాన్ చేశారు, మీ హాల్లో ఏ ప్రొజెక్టర్ ఉంది అన్న రెండింటి మీదే అది ఆధారపడుతుంది.

ఫిల్ములో పిక్సెళ్లు అనే డిజిటల్ చుక్కలు ఉండవు, సన్నటి రేణువులుంటాయి. 35 ఎంఎం నెగటివ్ బాగుంటే 4096 పిక్సెళ్ల వెడల్పున స్కాన్ చేసి అసలు వివరం రాబట్టొచ్చు. నెగటివ్ పోయి, పాత వీడియో టేపును సాగదీస్తే ఫైలు సైజు పెరుగుతుందే తప్ప బొమ్మలో కొత్తగా ఏమీ చేరదు. పైగా కర్నూలులోనో కడపలోనో మీరు వెళ్లే హాల్లో 2కె ప్రొజెక్టర్ ఉంటే, 4కె ఫైలు వచ్చినా పడేది 2048×1080 మాత్రమే. అంటే పిక్సెళ్లలో నాలుగో వంతు.

తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో తీసిన 'మాయాబజార్' 2010లో రంగుల్లో వచ్చింది. రంగులద్దడం వేరు, రిజల్యూషన్ (బొమ్మలో ఎంత సన్నటి వివరం ఉందన్నది) వేరు. రంగు వేసినంత మాత్రాన ఘటోత్కచుడి నగల్లో కొత్త చెక్కుడు ఒక్కటి కూడా పుట్టదు. అన్నట్టు, ఆ కాలం ఫ్రేము దాదాపు చదరం, 1.37:1, అంటే వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. అలాంటి సినిమాను వెడల్పు తెర కోసం 1.85:1కి కోస్తే పైనా కిందా కలిపి నాలుగో వంతు బొమ్మ ఎగిరిపోతుంది. కిరీటాలు తెగిపోతున్నాయంటే కారణం అదే.

బొమ్మ నున్నగా ఉంటే ప్రింటు బాగున్నట్టు అనుకోవడం చాలామంది పొరపాటు. గీతలు, దుమ్ము తీసేయాల్సిందే. రేణువులను కూడా తుడిచేస్తే ముఖం మైనం పూసినట్టవుతుంది. ఎస్వీ రంగారావు లాంటి నటుడు కనుబొమ్మ కదలికతో, బుగ్గ బిగింపుతో పలికించిందంతా అందులో కొట్టుకుపోతుంది.